సోమ్లా ఫైనల్ గెలిచాడా, ఓడాడా

కొత్తగూడెంలో మా కాలేజీ అటెండర్ సోమ్లా మూడేళ్ల డిగ్రీని ఆరేళ్లు చదివాడు. ఇంగ్లీషు పేపరు అతన్ని వదల్లేదు, ఫుట్‌బాల్‌ను అతను వదల్లేదు. ఆరో ఏడు మా టీము ఐదు మ్యాచ్‌లకు ఐదూ గెలిచింది. భద్రాచలం కాలేజీతో ఆడిన ఫైనల్లో మూడు గోల్సూ సోమ్లావే. ఆ ఊపులోనే పాత ప్రిన్సిపాల్ అతనికి ఈ కొలువు ఇచ్చాడు.

తర్వాత ఎవరో పుణ్యాత్ముడు ఫిర్యాదు పెట్టాడు. ఆరో ఏడు చదివేవాడు ఆడకూడదట. యూనివర్సిటీ మా ఐదు గెలుపులూ లాక్కుని అవతలి జట్లకు పంచేసింది. పాత ప్రిన్సిపాల్ ఆ కాగితాన్ని సొరుగులో పడేసి, హాల్లో ఆటల బోర్డు మీద ఆ ఏడు ఎదురుగా 'ఐదుకు ఐదు' అని రాయించాడు. పద్నాలుగేళ్లుగా ఆ బోర్డును రోజూ తుడిచేది సోమ్లాయే. పక్క బోర్డులకు సాలెగూళ్లు పట్టినా అతనికి పట్టదు.

మొన్న తనిఖీ కమిటీ వస్తోందనగానే కొత్త ప్రిన్సిపాల్ రామకృష్ణ గారికి ఆ కాగితం దొరికింది. ఆయనకు కాగితమంటే మహా భక్తి.

"సోమ్లా, థిన్నర్ తెచ్చి ఆ లైన్ తుడిచెయ్. మనం ఓడినట్టే లెక్క."

"గెలిచినం సార్!"

"యూనివర్సిటీ బుక్కుల ఏముంటే అదే."

సోమ్లాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పెళ్లాం పిల్లలకు గొప్పగా చూపించుకోవడానికి అతనికి ఉన్నది ఆ ఒక్క లైనే. నాకు ఒళ్లు మండింది. కానీ నేను లైబ్రేరియన్‌ని, ఇక్కడ నా మాట పుస్తకాలే వినవు.

మర్నాడు సోమ్లా లీవు పెట్టి భద్రాచలం బస్సెక్కాడు. అప్పటి వాళ్ల గోల్‌కీపర్ రవీందర్ ఇప్పుడు ఆ కాలేజీలోనే ఆటల మాస్టారు. యూనివర్సిటీ గెలుపు ఇచ్చినా, వాళ్ల బోర్డు మీద మాత్రం ఆ ఏడు 'రన్నర్స్' అనే ఉంది.

"గెలిచినమని ఎట్ల రాస్తనన్నా?" అన్నాడు రవీందర్. "మూడు గోల్సూ నా కాళ్ల సందులకెళ్లే పోయినయి. ఓడినోళ్లు గెలిచినోళ్లకు కోడికూర పెట్టాలని మన దిక్కు రివాజు గదా. నాలుగు నాటుకోళ్లు తిన్నరు మీరు. యూనివర్సిటోళ్లు కాయితం రాస్తే అవి లేచొస్తయా?"

లెటర్‌హెడ్ మీద 'మేమే ఓడిపోయాం, మూడు సున్నా' అని రాసి, ముద్ర గుద్ది ఇచ్చాడు. ఓడామని ఇంత ధీమాగా సంతకం పెట్టిన మనిషిని నేనెక్కడా వినలేదు.

రామకృష్ణ గారు దాన్ని చదవను కూడా లేదు. సోమ్లా తన చేత్తోనే లైను తుడిచాడు. యూనివర్సిటీ పుస్తకంలో భద్రాచలం గెలిచింది, భద్రాచలం బోర్డులో భద్రాచలం ఓడింది, మా బోర్డులో ఎవరూ అసలు ఆడనే లేదు. చదువుకున్నవాళ్లం, ఇంతవరకు తెచ్చాం.

కమిటీ పెద్దాయన ఆ ఖాళీ జాగా చూసి, "ఆ ఏడు ఆడలేదా?" అన్నాడు.

"ఆడినం సార్, ఓడినం," అన్నారు ప్రిన్సిపాల్.

సోమ్లా చాయ్ ట్రేను బల్ల మీద టక్కున పెట్టాడు. "ఓడలే సార్! ఓడినోళ్లే రాసిచ్చిన్రు, సూడున్రి!"

పెద్దాయన ఉత్తరం చదివి, నవ్వి, చాయ్ తాగి వెళ్లిపోయాడు. సాయంత్రానికి సోమ్లాకు మెమో వచ్చింది. కోపంలో రామకృష్ణ గారే కూర్చుని టైపు చేశారు. 'మన కాలేజీ గెలిచిన ఫుట్‌బాల్ ఫైనల్ విషయమై కమిటీ ముందు కేకలు వేసినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోరాదో తెలుపగలరు.' కింద సంతకం, గుండ్రటి ముద్ర.

సోమ్లా దాన్ని రెండుసార్లు చదువుకుని లైబ్రరీకి పరుగెత్తుకొచ్చాడు.

"సార్, జర దీన్ని జిరాక్స్ తియ్యిన్రి. కలర్‌ల."