గులాబీ కట్టల్లో పెంటయ్య సారు

పాత పత్రికలను నాశనం చేయడానికి చెదలకు ఏళ్లు పడుతుంది. ఎలుకలకు నెలలు పడుతుంది. మా ఇంట్లో మాత్రం ఆ పని పొద్దున ఒక టీ తాగేలోగా పూర్తయింది. చేసింది మా బాపు. చేయించింది నేను. ఈ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను, చదివి నవ్వుకోండి. నేను నవ్వడానికి నాకు రెండేళ్లు పట్టింది, మీకంత టైము అక్కర్లేదు.

అప్పుడు నేను చేవెళ్లలో ఒక డిజిటల్ గ్రంథాలయంలో కొత్తగా చేరాను. గ్రంథాలయం అంటే పెద్ద భవనం ఊహించుకోకండి. కిరాయికి తీసుకున్న ఒక గది, ఒక స్కానరు, ఒక ఫ్యాను. ఊళ్లలోని పాత నివేదికలు, ఫోటోలు, వార్తాపత్రికలు సేకరించి, స్కాన్ చేసి, ప్రపంచంలో ఎవరైనా చూసుకునేలా పెట్టడం మా పని. ఫోటోలు అడిగితే జనం సంతోషంగా ఇచ్చేవాళ్లు. చాలావాటిలో ఎవరో ఒకాయన ఇంకెవరిదో జీపుకు ఆనుకుని నిలబడి ఉండేవాడు. పత్రికలే దొరికేవి కావు. పత్రికను ఎవరు దాచుకుంటారు చెప్పండి.

పెంటయ్య సారు దాచుకున్నారు. ఆయన బడిలో లెక్కలు చెప్పేవారు, బడి అయ్యాక ఒక పత్రికకు మా చుట్టుపక్కల వార్తలు రాసేవారు. బోరు ఎండింది, బస్సు రాలేదు, కల్వర్టు కూలింది, ఇలాంటివి. ఆ పత్రిక మూతపడి చాలా ఏళ్లయింది. దాని పాత సంచికలు ఇంకెక్కడా లేవు. సారు మాత్రం తన వార్త పడిన ప్రతి పేజీని ఇనుప పెట్టెలో భద్రపరిచారు. ఆ పేజీల కోసం నాలుగు నెలలు ఆయన చుట్టూ తిరిగాను. ఆయన టీ ఇచ్చేవారు, బిస్కెట్లు ఇచ్చేవారు, పేజీలు మాత్రం ఇచ్చేవారు కాదు.

ఒకరోజు సాయంత్రం గ్రంథాలయానికి తాళం పడ్డాక, నేను బస్సు కోసం నిలబడి ఉంటే సారే వచ్చారు. చంకలో పాత దుప్పటిలో చుట్టిన మూట.

"నలభై పేజీలున్నయ్ బిడ్డా. ఇవి తప్ప నా రాతకు ఇంకో ఆనవాలు లేదు. పోతే నేను రాసిందంత పోయినట్టే."

"రేపు పొద్దుగాల గ్రంథాలయంల తీసుకుంట సారూ" అనాలి తెలివైన పిల్లయితే. కానీ రాత్రికి రాత్రి ఆయన మనసు మారితే? ఇంకో నాలుగు నెలలు బిస్కెట్లు తినే ఓపిక నాకు లేదు.

"నా పాణం లెక్క చూస్కుంట సారూ, జర కూడా ఫికర్ చెయ్యకున్రి" అని మూట లాక్కున్నంత పని చేసి బస్సెక్కాను.

ఇంటికి వెళ్లాక అసలు ప్రశ్న వచ్చింది. ఎక్కడ పెట్టాలి? మామూలు మనిషైతే బీరువాలో పెట్టి పడుకుంటుంది. నేను మామూలు మనిషిని కాదు, మూడు రోజుల శిక్షణ పొందినదాన్ని. పాత కాగితాలను చల్లగా, చీకటిగా, నేలకు ఎత్తుగా ఉన్న చోట, మూట విప్పి పరిచి ఉంచాలని మాకు నేర్పారు. నోట్సు తీసి మళ్లీ చదివాను. ఇల్లంతా తిరిగాను. ఆ లక్షణాలన్నీ ఉన్న చోటు మా ఇంటి మొత్తంలో ఒక్కటే కనిపించింది. పెరట్లో షెడ్డు, షెడ్డులో పెద్ద బల్ల.

ఇక్కడ మీకొక విషయం చెప్పాలి. మాది మొయినాబాద్ దాటాక ఒక చిన్న ఊరు. మాకు అరెకరం గులాబీ తోట ఉంది. తెల్లవారగానే పూలు కోసి, ఇరవయ్యేసి పూలు ఒక కట్టగా కట్టి, ఒక్కో కట్టకు ఒక్కో పాత పేపరు చుట్టి పట్నం పూల మార్కెట్‌కు పంపుతారు. ఆ కట్టలు కట్టేది ఆ షెడ్డులోనే. పాత పేపర్లు పెట్టేది ఆ బల్ల మీదనే. ఇరవై రెండేళ్లుగా ఆ ఇంట్లో అన్నం తింటున్న మనిషికి ఇది తెలియదా అని మీరు అడగవచ్చు. తెలుసు. శిక్షణ పొందిన తలలో పాత విషయాలకు చోటు తక్కువ.

పొద్దున లేచి అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాను. బాపు చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు. మంచి హుషారుగా ఉన్నాడు.

"బిడ్డా, నిన్న పేపర్ తెచ్చింది నువ్వేనా?"

"ఏ పేపర్ బాపు?"

"బల్ల మీద పరిచి పెట్టినవ్ గద. మంచిగున్నది. ఇప్పటి పేపర్ చుట్టంగనే చిరుగుతది. అది పాతది, మెత్తగ చుట్టుకున్నది. సరిగ్గ నలభై కట్టలకు సరిపోయింది."

కప్పు అరుగు మీద పెట్టేశాను.

"కట్టలేవి బాపు?"

"ఆటోల పోయినయ్. ఇంకా ఈడ ఉంటయా? ఏమాయె, గట్ల చూస్తున్నవ్?"

ఏమైందో చెప్పాను. బాపు ముఖంలో హుషారు పోయి, దాని స్థానంలో పెంటయ్య సారు వచ్చి కూర్చున్నారు. ఎందుకంటే బాపుకు కూడా ఎక్కాలు నేర్పింది ఆ సారే.

"ఆ సారు పేపర్లా? పన్నెండో ఎక్కం తప్పు చెప్తేనే గోడకుర్చీ ఏపిచ్చిండు. ఇప్పుడేం జేస్తడో."

లోపలి నుంచి మా అమ్మ అంది, "కూసొని మాట్లాడుతున్నరేంది తండ్రీబిడ్డలు? బండి తియ్యరాదు?"

బండి తీశాం. పట్నంలో సిగ్నల్ దగ్గర బాపు, "బల్ల మీదనే ఎందుకు పెట్టినవ్ బిడ్డా?" అన్నాడు. "చల్లగుంటదని" అన్నాను. బండి వేగం పెంచాడు.

మార్కెట్‌లో మా పూలు అమ్మిపెట్టే ఏజెంటు అప్పుడే చేతులు దులుపుకుంటున్నాడు.

"మీ కట్టలా? వచ్చినయ్, పోయినయ్. ఇయ్యాల రేటు మంచిగొచ్చింది అన్నా."

"రేటు సంగతి కాదన్నా, పేపర్లు కావాలె" అన్నాడు బాపు.

"ఏం పేపర్లు?"

"కట్టలకు చుట్టినయ్."

ఏజెంటు బాపును కింది నుంచి పైదాకా చూశాడు. పూలు అమ్మేసి కాగితాలు వెనక్కి అడిగే రైతును ఆయన మొదటిసారి చూస్తున్నాడు. అయినా మంచివాడు, ఎవరెవరు కొన్నారో చూపించాడు. అందరూ ఆ మార్కెట్ దుకాణాల వాళ్లే కావడం మా అదృష్టం.

ఒక్కో దుకాణం ముందు నిలబడి, "పూలు మీరే ఉంచుకోండి, కాగితం మాకివ్వండి" అని అడగడం మొదలుపెట్టాం. మొదటి పది మంది నవ్వి ఇచ్చారు. పదకొండో ఆయనకు అనుమానం వచ్చింది.

"ఏమున్నది అండ్ల?"

"ఏం లేదన్నా, పాత వార్తలు."

"పాత వార్తల కోసం మొయినాబాద్ నుంచి బండేస్కొని వచ్చిన్రా?"

అంతే. మొయినాబాద్ గులాబీల కాగితాల్లో ఏదో విలువైనది మర్చిపోయారని మార్కెట్ అంతా పాకింది. ఎవరి కాగితం వాళ్లు విప్పుకుని, అటు తిప్పి ఇటు తిప్పి వెతకసాగారు. ఏమీ దొరకకపోయేసరికి, రాసి ఉన్నదాంట్లో ఏమైనా ఉందేమోనని చదవసాగారు. ఒకాయన కల్వర్టు గురించి పైకి చదువుతుంటే నలుగురు వింటున్నారు. ఇంకొకాయన పంట దిగుబడి సగానికి పడిందన్న వార్త చదివి, అప్పుడూ ఇంతేనా అని నిట్టూర్చాడు. మా గ్రంథాలయంలో అంతమంది పాఠకులను నేను ఎన్నడూ చూడలేదు. ఒక పేజీ అప్పటికే మిర్చి బజ్జీల కిందికి చేరింది. తినడం అయ్యేదాకా ఆగి దాన్ని తీసుకున్నాను. నూనె ఇంకి, ముందు పక్క వార్తా వెనక పక్క వార్తా ఒకేసారి కనిపిస్తున్నాయి.

ఎలాగైతేనేం, ముప్పై తొమ్మిది పేజీలు చేతికొచ్చాయి. నలభయ్యోది లక్ష్మమ్మ దగ్గర ఉంది. ఆమె దండలు కట్టి అమ్ముకునే పెద్దామె. ముక్కు మీద కళ్లద్దాలు, ఒళ్లో మా పేజీ.

"అమ్మా, జర ఆ పేపర్ ఇస్తవా?"

"ఆగు బిడ్డా. సగంల ఉన్న."

ఆగాను. ఆమె వేలు పెట్టి ఒక్కో లైను చదువుతోంది. అయిపోయాక కళ్లద్దాలు తీసి నా వైపు చూసింది.

"ఆడపిల్లలు బడికి నాలుగు మైళ్లు నడుస్తున్నరట. బస్సు ఏపిస్తమని చెప్పి ఏపియ్యలేదట. మరి వచ్చిందా బస్సు?"

"తెల్వదమ్మా. ఎప్పటి ముచ్చటో అది."

"తెల్వకుంటనే పేపర్ అడగవస్తివా? నా బిడ్డ గూడ గట్లనే నడిచి నడిచి ఏడో తరగతికే బడి బంద్ చేసింది. బస్సు వచ్చిందో లేదో చెప్పు, ఇస్త."

ఎంత బతిమాలినా అదే మాట. బాపు ఒక కట్ట గులాబీలు ఊరికే ఇస్తానన్నాడు. ఆమె కాగితాన్ని మడిచి మోకాలి కింద పెట్టుకుంది.

నా పథకం ఏమిటంటే, పూల తడికి నానిన పేజీలన్నీ ఆరబెట్టి, స్కాన్ చేసి, ఏమీ జరగనట్టు సారుకు తిరిగి ఇచ్చేయడం. కానీ బస్సు సంగతి తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఒక్కరే ఉన్నారు. ఫోన్ చేశాను.

"సారూ, మీరు బస్సు గురించి ఒక వార్త రాసిన్రు గద. ఆ బస్సు వచ్చిందా?"

"చదివినవా? మంచిది. ఎక్కడున్నవ్ బిడ్డా?"

"గ్రంథాలయంల సారూ."

సరిగ్గా అప్పుడే నా వెనక ఎవరో, "బంతి కిలో, బంతి కిలో" అని అరిచారు.

"గ్రంథాలయంల బంతిపూలు అమ్ముతున్నరా?" అన్నారు సారు.

లెక్కల సారు ముందు అబద్ధం ఎంతసేపు నిలుస్తుంది? మొత్తం చెప్పేశాను. బల్ల, కట్టలు, ఆటో, బజ్జీలు, లక్ష్మమ్మ, అన్నీ. ఆ మనిషి బతుకంతా రాసింది నేను ఒక్క పొద్దులో బురదలో పారేశాను. పెద్దాయనకు ఏమైనా అయిందేమోనని, "సారూ, ఉన్నరా?" అన్నాను.

"ఆమె మొత్తం చదివిందా?" అన్నారు సారు.

"ఎవరు సారూ?"

"ఆ లక్ష్మమ్మ. చివరిదాక చదివిందా, నడుమ ఆపిందా?"

"చివరిదాక చదివింది సారూ. ఏలు పెట్టి చదివింది."

"ఫోన్ ఆమెకియ్యి."

ఇచ్చాను. ఇక అక్కడి నుంచి నాకు ఒక పక్కే వినబడింది.

"ఆఁ, నేనే చదివిన... వచ్చిందా? ఎన్ని దినాలకు?... అబ్బ... మరి పిల్లలందరు ఎక్కేటోళ్లా?... డ్రైవర్ మంచోడేనా?... మా దిక్కు రాలే సారూ, మా దిక్కు రాసేటోడు లేకుండె..."

ఇరవై నిమిషాలు. ఈలోపు ఇద్దరు దండల కోసం వచ్చి, చూసి, వెళ్లిపోయారు. చివరికి ఆమె ఫోన్ నాకు ఇచ్చి, మోకాలి కింది నుంచి పేజీ తీసి, చీర కొంగుతో తుడిచి చేతిలో పెట్టింది.

"సారు మంచిగ రాసిండు. పైలంగ తీస్కపో" అంది.

ఫోన్‌లో సారు ఇంకా ఉన్నారు.

"ఇన్నేండ్లు రాసిన బిడ్డా. నీ వార్త చదివిన, ఆ తర్వాత ఏమైంది అని ఒక్క మనిషి అడగలే. ఇయ్యాల అడిగిన్రు."

చీవాట్లకు సిద్ధపడి ఉన్న నాకు ఏడుపొచ్చింది. బాపు అటు తిరిగి బంతిపూల ధర అడుగుతున్నాడు, మాకు బంతిపూలతో ఏం పని లేకపోయినా.

పేజీలను తోటలో ఎండ పడకుండా కట్టిన వల కింద ఆరబెట్టి, వారం రోజుల్లో స్కాన్ చేశాను. ఇప్పుడు ఆ నలభై పేజీలూ మా సేకరణలో ఉన్నాయి, వెతికితే మీకూ దొరుకుతాయి. వాటిలో అక్కడక్కడా చిన్న చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. ఎక్కడో దూరాన పాత కాగితాల మీద పరిశోధన చేసే ఒకాయన, ఇలాంటి రంధ్రాలు తాను ఎక్కడా చూడలేదని, ఇది ఏ పురుగు పని అని మర్యాదగా ఉత్తరం రాశాడు. గులాబీ ముల్లు అని జవాబు రాశాను. ఆయన మళ్లీ రాయలేదు.

సారు నన్ను ఊరికే వదిలారనుకుంటున్నారా? తప్పు చేసిన పిల్లలతో ఆయన ఎప్పుడూ రాయించేవారు. నాతోనూ రాయించారు. నేను రాసింది ఇది:

"స్కానరు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేయుచున్నాను. ఇకముందు ఎవరి పాత పత్రికలనూ మా ఇంటికి తీసుకుపోను. తీసుకుపోయినా బల్ల మీద పెట్టను. ఎంత చల్లగా ఉన్నా పెట్టను. వాటిని మార్కెట్ జనం చేతుల్లో పడనివ్వను."

సారు కళ్లద్దాలు పెట్టుకుని, వార్త దిద్దినట్టు రెండుసార్లు చదివారు. మొదటి నాలుగు వాక్యాలూ బాగున్నాయన్నారు. చివరి వాక్యాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేసి, దాని మీద తన చేత్తో రాశారు: "స్కాన్ అయినంక పడనిస్తను."

సంతకం పెట్టాను.