సంగ్రహాలయానికి పట్టుకెళ్లిన పాట

నా భర్త పోయిన మరుసటి ఏడు, ఇద్దరు ఆడపిల్లలను వెంటబెట్టుకుని ఇస్లాపూర్ నుంచి నాందేడ్ వచ్చాను. డెబ్బైల నాటి మాట ఇది. పాత వస్తువులు పెట్టిన ఒక చిన్న సంగ్రహాలయంలో ఊడ్చే పని దొరికింది. పక్కా పని కాదు. దీపావళి సెలవులు అయ్యాక ఉంచుకోవాలో వద్దో చూస్తామని ముందే చెప్పారు. అది పోతే ముగ్గురం మళ్లీ కూలికి తిరగాల్సిందే.

సెలవుల్లో బడి పిల్లలను కూర్చోబెట్టి వెనకటివాళ్లు ఎట్లా బతికారో చూపించేవారు. ఒకరోజు నాణేలు, ఒకరోజు కత్తులు. వంటింటి సామాన్ల వంతు వచ్చింది. దానికి ముందు సాయంత్రం, సంగ్రహాలయం చూసుకునే సాహెబు నన్ను పిలిచి మరాఠీలో అన్నాడు.

"బాయి, ఉద్యా యేతానా పాటా ఆణా."

అప్పటికి నాకు మరాఠీ అంతంత మాత్రమే. రేపు వచ్చేటప్పుడు పాట తెమ్మంటున్నాడనుకున్నాను. తలూపాను. నాది మొదటినుంచీ బొంగురు గొంతు. పైగా మా ఆయన పోయాక నోట పాట రాలేదు. మేం అద్దెకున్న ఇంటి ముసలమ్మకు చెబితే, "ముండమోసినదానివి, పండుగ దినాలల్ల నువ్వు పాడుడేంది? సిగ్గులేదా?" అంది.

సిగ్గుంది. పని పోతుందన్న భయం అంతకంటే పెద్దది. జొన్నలు విసురుతూ మా అమ్మ పాడే పాటను పొద్దున పొయ్యి దగ్గర లోలోపలే నాలుగుసార్లు చెప్పుకుని, చేతులూపుకుంటూ వెళ్లాను.

చాపల మీద పిల్లలు కూర్చుని ఉన్నారు. ముందర విసుర్రాయి, రోకలి, ఇత్తడి బిందెలు. మధ్యలో కొంచెం జాగా ఖాళీగా ఉంది. గేటు కాపలా ముసలాయన మన తెలుగాయనే. నన్ను ఎగాదిగా చూశాడు.

"రాయేది చెల్లే? కొంగుల ముడేసుకొచ్చినవా?"

"రాయేంది అన్నా? పాట తెమ్మన్నడు గద."

ఆయనకు నవ్వు ఆగలేదు. మరాఠీలో పాటా అంటే మసాలా నూరే బండ అని అప్పుడు చెప్పాడు. సాహెబుకూ చెప్పాడు. పిల్లలు పడీపడీ నవ్వారు. ఇక ఈ చీపురు రేపు ఇంకొకరి చేతిలో ఉంటుందనుకున్నాను.

సాహెబు నవ్వలేదు. విసుర్రాయి ముందు తానే చాప పరిచి ముసలాయనతో ఏదో అన్నాడు.

"నువ్వు తెచ్చింది గూడ పాత సామానేనట చెల్లే. పాడుమంటున్నడు."

కూర్చుని పిడి పట్టుకున్నాను. మొదటి ముక్క గరగరమంటూ వచ్చింది. రాయి తిరగడం మొదలయ్యాక దాని చప్పుడులో నా గొంతు కలిసిపోయింది. పాటలో కోడలు పుట్టింటికి పోవాలని గబగబా విసురుతుంటే, అత్త ఇంకో చాటెడు జొన్నలు తెచ్చి పోస్తుంది. ముసలాయన మరాఠీలో చెబుతుంటే పిల్లలు మళ్లీ నవ్వారు. ఈసారి అత్తను చూసి.

పిల్లలు వెళ్లాక సాహెబు నేల మీదే కూర్చుని ఆ పాటను తన లిపిలో రాసుకున్నాడు. అందని మాటను రెండుసార్లు అడిగాడు. ఇంకా ఉంటే గుర్తు తెచ్చుకొమ్మని, ఎండాకాలం సెలవుల్లో పిల్లలకు కావాలని చెప్పించాడు.

ఎండాకాలం దాకా నాకు పని ఉందన్నమాట. అది తలకెక్కేసరికి ఇంటికి సగం దూరం నడిచాను. అక్కడే రోడ్డు పక్కన ఆగి, సాహెబు కూర్చున్న సంగ్రహాలయం దిక్కుకు తిరిగి రెండు చేతులెత్తి మొక్కాను.