అండమాన్ సముద్రానికీ బిల్లు

2012 మార్చి. ఒళ్లు మండుతుండగానే ఇది బ్లాగులో రాస్తున్నాను. పోయిన నెల మా బ్యాంకు ఇచ్చే సెలవు ప్రయాణ ఖర్చు, ఎల్‌టీసీ మీద అండమాన్ వెళ్లాను. మా అమ్మ పుట్టింది భీమిలి పక్కన. పెళ్లై బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్‌కి వచ్చాక సముద్రం చూడనేలేదు. నేను బీచ్‌లో ఉండగా ఫోన్ చేసి, "నువ్వు మాటాడకు, సముద్రం ఇనిపించు" అంది. ఫోన్ కెరటాల వైపు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. అక్కడ నాకు వచ్చిన కాల్‌కి కూడా రోమింగ్ చార్జీ నేనే కట్టాలని బిల్లు చూశాక తెలిసింది.

ఇవాళ బిల్లు సంగతి అడుగుదామని అమ్మను వెంటబెట్టుకుని ఇక్కడ బిలాస్‌పూర్‌లోనే ఉన్న ఫోన్ కంపెనీ షాపుకు వెళ్లాను. హైదరాబాద్ నుంచి బదిలీ మీద వచ్చిన మేనేజర్ నవ్వుతూ, "దీవుల్లో మాకు రాబడంతా టూరిస్టుల రోమింగ్ మీదే సార్. సెలవుకొచ్చినవాళ్లు రేటు చూసుకోరు" అన్నాడు. సిగ్గుపడాల్సిన మాటను గొప్పగా చెప్పుకున్నాడు.

అమ్మ బల్ల మీద చెయ్యి వేసింది. "నానేటీ మాటాడనేదు బాబూ, మావోడూ మాటాడనేదు. మాటాడింది సముద్రం. అదీ మీ కంపెనీదేటి?"

అతని నవ్వు ఆగింది. బిల్లు మాత్రం తగ్గలేదు. కట్టి బయటికొస్తుంటే వెనకాలే వచ్చి దీవులకెళ్లే ముందే కొనుక్కునే రోమింగ్ ప్లాన్, ఐలాండ్ ప్యాక్ కరపత్రం చేతిలో పెట్టాడు. ఇలాంటి వాళ్లను మీ ఊళ్లో ఏమంటారో కింద రాయండి. నాకు తెలిసిన మాటలు అమ్మ ముందు అనలేకపోయాను.