స్క్రూడ్రైవర్ చెవికి పెట్టే చాచా

పేరు రాస్తలేను, రాయొచ్చా అని ఆయన్ను అడగలేదు. తాండూరుల మెకానిక్ చాచా. పెద్ద స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు ఆనిచ్చి, పిడి చెవికి పెట్టుకొని, కండ్లు మూసుకొని వింటుండె.

కుల్కచర్ల నుంచి గొర్లను సంతకు తీస్కపోయే పాత పికప్ నాది. మా ఇల్లు దాని మీదనే నడుస్తది. అది టక్‌టక్ కొట్టుకుంట ఎత్తు ఎక్కకుండైంది. వికారాబాద్‌ల ఒకాయన ఇంజన్ మొత్తం ఇప్పాలన్నడు. పైసలు గుంజనీకే గట్ల అన్నడనిపిచ్చి, గప్పటిసంది నాకు ఎవ్వరినీ నమ్మబుద్ధి కాకుండైంది. చాచా మంచి సామాను తీసి పాతయి పెడ్తడేమోనని చాయ్‌కి గూడ పోకుండ పక్కనే కూసున్న.

చాచా మస్తుసేపు విన్నడు. "ఇంజన్ మంచిదే తమ్మీ. డీజిల్ల ఏదో ఉంది" అన్నడు. ఫిల్టర్ కింది నట్టు ఇప్పి, కారిన డీజిల్‌ను సీసల పట్టిండు. జరసేపట్ల అడుగున నీళ్లు నిలిచినయ్.

"నువ్వే పోసినవ్ చాచా!" అన్న.

ఆయనకు కోపం రాలే. "డీజిల్ దేంట్ల తెస్తవ్?" అని అడిగిండు.

బండ్ల ఉన్న క్యాన్ చూపిచ్చిన. తొవ్వల గొర్లకు నీళ్లు తెచ్చేది గూడ గదాంట్లనే అని చెప్పుకుంటనే, డీజిల్ల నీళ్లు కలిపింది నేనేనని నాకు సమజైంది.

చాచా ట్యాంకి కడిగి, ఇంజన్ల డీజిల్ చిమ్మే నాజిల్ నీళ్లకు పాడైతే, అదొక్కటే మార్చిండు. సప్పుడు పోయింది. అయినా పోయేముందు నేను వంగి, జాకీ, స్టెప్నీ ఉన్నయా లేవా అని చూసుకున్న. లేస్తే చాచా నా దిక్కే చూస్తుండు.

"అన్నీ ఉన్నయా తమ్మీ?"

"చాయ్ తాగొద్దాం పా చాచా" అన్న, తల వంచుకొని.