ట్యాంకుకు పోసిన పానకం

ఉద్యోగం అంటే ఏసీ గది, తిరిగే కుర్చీ అని నమ్మిన ఆ రోజుల్లో, నా మొదటి కుర్చీ పటమటలో ఒక అపార్ట్‌మెంటు వెనక, మురుగునీటి ట్యాంకు పక్కన వేశారు. (తిరిగేది కాదు, ఊగేది. ఒక కాలు పొట్టి.) ఇళ్ల నుంచి వచ్చే నీళ్లలోని మురికిని సూక్ష్మజీవులు తినేస్తాయి, వాటికి గాలి అందేలా బ్లోయర్ నడపడమే నా పని. కంపు రాకుండా చూస్తేనే ఉద్యోగం ఖాయం చేస్తానని మేనేజరు ముందే చెప్పాడు.

కింది వాటాలో ఒంటరిగా ఉండే పామర్రు మామ్మగారు రోజూ కాఫీ తెచ్చేవారు. "లోపల ఏం పెంచుతున్నావే అమ్మాయ్?" అని ఒకరోజు అడిగితే అంతా చెప్పాను. మొదట్లో పేడా బెల్లమూ వేసి పెంచామని కూడా చెప్పడమే కొంప ముంచింది. శ్రీరామనవమికి పందిట్లో గంగాళం పానకం మిగిలిపోతే, ఆవిడ వాచ్‌మన్ చేత మోయించి ట్యాంకులో పోయించేశారు. "ప్రసాదం అందరికీ అందాలి కదే, అవి మాత్రం ప్రాణులు కావూ?"

బెల్లం దొరికితే అవి ఊరుకుంటాయా! ఎగబడి తిని, ఉన్న గాలంతా పీల్చేసి, ఊపిరాడని స్థితికొచ్చాయి. మర్నాటికి కుళ్లిన గుడ్ల కంపు మేడ మీదికి పాకింది. ఆ సాయంత్రమే మేనేజరు రాక. రెండో బ్లోయర్ కూడా వేసి, ఉద్యోగం పోయినట్టేనని ఏడుస్తూ కూర్చున్నాను. మామ్మగారు తాటాకు విసనకర్ర తెచ్చి ట్యాంకుకు విసరడం మొదలుపెట్టారు. "కాస్త గాలి పీల్చుకోండర్రా, నా తల్లులు కదూ!" ఏడుస్తున్న నాకు నవ్వాగలేదు.

మేనేజరు ముక్కు మూసుకునే వచ్చాడు. "ఏమిటమ్మా ఈ వాసన?" నేను నోరు తెరిచేలోపే మామ్మగారు అందుకున్నారు. "పండగ పూట నేనే పెట్టానండీ, అజీర్తి చేసింది. పిల్లనేం అనకండి బాబూ, పొద్దుట్నించీ మెతుకు ముట్టలేదు." ఆయన విసనకర్రకేసి చూసి, నవ్వును దగ్గుగా మార్చుకుని, "రేపటికల్లా తగ్గాలి" అని వెళ్లిపోయాడు. తగ్గింది. తెల్లవారేసరికి ట్యాంకు దగ్గర వాన పడ్డ మట్టి వాసన వచ్చింది, అవి కోలుకున్నాయనడానికి గుర్తుగా. ఉద్యోగం నిలిచింది.

ఇప్పుడు నాకు తిరిగే కుర్చీ ఉంది. ఏ ట్యాంకులో గాలి ఎంతుందో మీటర్లే చెబుతాయి. కాఫీ తెచ్చేవాళ్లు లేరు, మామ్మగారూ లేరు. ఆవిడ మీద బెంగ మాత్రం తగ్గలేదు. ఏటా నవమినాడు పానకం తాగి, గ్లాసు అడుగున ఒక చుక్క మిగుల్చుకుని, ఎవరూ చూడటం లేదు కదా అని అటూ ఇటూ చూసి ట్యాంకులో వేస్తాను. (ఒక్క చుక్కకు అజీర్తి చేయదులెండి.) తర్వాత ఇంత పెద్ద ఇంజనీరమ్మనూ, ట్యాంకుకు చేత్తో కాసేపు గాలి విసురుతాను.