గుట్టరాయి రోలు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు. సిద్దిపేట నుంచి దుబ్బాక పోయే రోడ్డు పక్కన రోళ్లు చెక్కి అమ్మే మా కొట్టం ఉంది. మిరుదొడ్డి వైపు నుంచి కనకవ్వ అనే ఆమె ట్రాక్టర్‌లో ఒక రాయి తెచ్చి దింపించింది. రోటి పచ్చళ్ల హోటల్ పెడుతుందట, దాన్నే రోలు చేసిమ్మంది.

సొంత రాయి తెచ్చేవాళ్లను నేను నమ్మను. ఎవరి జాగలోది తవ్వుకొచ్చిందో అనుకున్నాను. తన మెట్టచెలక వెనక గుట్టదేనంది.

"అవ్వా, చుట్టున్న గుండ్లన్నీ అరిగి మొరమైనయి. గిది మాత్రం గోడ లెక్క నిలవడ్డది. దీనికన్నా గట్టిది ఏడుంటది?" అంది నాతో.

ఆమె చూసింది నిజమే. గుండ్లు గ్రానైట్. ఎండకూ వానకూ పొడిపొడిగా మొరమై రాలుతాయి. నడుమ ఉన్న చారలరాయి క్వార్ట్‌జైట్, అంటే భూమి లోతున వేడికీ బరువుకూ మారిపోయిన పాత ఇసుకరాయి. వాన దాన్ని తినలేదు. పక్కనున్నది కొట్టుకుపోతే అది గుట్టగా మిగిలింది. కానీ మా పనిలో గట్టి రాయి వేరు, మాట వినే రాయి వేరు. ఉలి పెట్టిన చోటే పగిలితే మాట విన్నట్టు. ఉలి పెట్టి చూస్తే ఇది చార వెంట పెంకులుగా లేచింది.

ఆ మాటే చెబితే కనకవ్వ నా ముఖంలోకి చూసింది. "నీ రాయి అమ్ముకోనీకి నా రాయికి వంకలు పెడుతున్నవా?"

ఒళ్లు మండింది. ఆమె రాయిలోనే గుంట తొలిచి, పక్కన నా గ్రానైట్ రోలు పెట్టి, రెండింట్లో బియ్యం నూరి నాలుక మీద వేసుకొమ్మన్నాను. వేసుకుని నవ్వింది.

"నీది గూడ కరకర అంటున్నది."

కొత్త రోలు ఏదైనా మొదట ఇసుక రాలుస్తుంది. కోపంలో అది మరిచాను. ఇక ఆ ఇసుక పోయేదాకా రెండింట్లోనూ తవుడు నూరుతూ పోయాం. నేనేదైనా మార్చేస్తానేమోనని ఆమె కదలకుండా కూర్చుంది, మర్నాడూ వచ్చింది. ఆ తవుడు బర్రెకూ పనికిరాదు, పారబోస్తుంటే నా ప్రాణం ఉసూరుమంది. పొద్దువాలేసరికి నా రోట్లో తవుడు మెత్తగా వచ్చింది. గుట్టరాయి సన్న పెంకులు వదులుతూనే ఉంది. కనకవ్వ ఒకటి గోటితో తీసి వెలుతురుకు పెట్టి చూసింది.

"గిది పచ్చట్ల వడి ఒకల పన్ను ఇరిగితే నా హోటల్ గా దినమే బంద్," అంది మెల్లగా.

నా రోలే తీసుకుంది. తీసుకునే ముందు మళ్లీ బియ్యం నూరించి, ముందు నన్ను తినమంది. తిన్నాను.

వానకు నిలిచిన రాయి రోకలి దెబ్బకు నిలవాలని లేదని ఆమెకు తెలిసింది. కొనేవాళ్లు అనుమానిస్తే కోపం తెచ్చుకోకూడదని నాకు తెలిసింది. ఇప్పుడు ఏ రోలు బండి ఎక్కాలన్నా, దాంట్లో నూరిన మొదటి ముద్ద నా నోట్లోనే పడాలి. కరకరమంటే రోలు కదలదు.