రిలే టిక్కుమనే లోపు

తణుకులో జయపాల్ కట్టిన పవర్ సప్లై పెట్టెలు స్విచ్ వేయగానే పనిచేయవు. ముందు ఎర్ర బల్బు వెలుగుతుంది. కాసేపు చప్పుడుండదు. తర్వాత లోపల రిలే టిక్కుమంటుంది. అప్పుడు గానీ మిషన్ తిరగదు.

ఆ ఆగడం అతను కావాలని పెట్టిందే. రైస్ మిల్లులో ఎలక్ట్రీషియన్‌గా రిటైరయ్యాక, ఇళ్లలో పెట్టుకునే కలప చెక్కే చిన్న మిషన్లకు పెట్టెలు కట్టేవాడు. పెట్టెలో కరెంటు నింపుకునే పెద్ద కెపాసిటర్లు ఖాళీగా ఉన్నప్పుడు స్విచ్ వేస్తే, అవి నిండడానికి మామూలు కంటే ఎన్నో రెట్ల కరెంటును ఒక్కసారిగా లాగుతాయి. ఎంసీబీ పడిపోయి ఇంట్లో కరెంటు పోతుంది. పడకపోతే స్విచ్ లోపల ఒకదానికొకటి తగిలే మొనలు ప్రతిసారీ కొంత కాలుతాయి. అందుకే దారిలో ఒక రెసిస్టర్ పెట్టి కరెంటును నెమ్మదిగా వదిలేవాడు. కెపాసిటర్లు నిండాక రిలే టిక్కుమని ఆ రెసిస్టర్‌ను తప్పించి కరెంటును నేరుగా వదులుతుంది.

పాలకొల్లులో ఆ పెట్టె తీసుకున్న సురేంద్ర, దేవుడి గది తలుపులు ఉలితో చెక్కే మనిషి. కింద కూర్చోవడానికి మోకాళ్లు సహకరించక, పెద్ద పని మిషన్‌కు వదిలి ముఖాలు, కళ్లు మాత్రం చేత్తో తీర్చుదామనుకున్నాడు.

ప్రారంభం రోజు పెరటి షెడ్డులో మిషన్‌కు పసుపు కుంకుమలు పెట్టారు. ముహూర్తానికి ముందు జయపాల్ ఒకసారి వేసి చూపించాడు. బల్బు వెలిగింది. అంతా ఎదురుచూశారు. టిక్కు.

సురేంద్ర తల్లి నూకరత్నం ముఖం మారింది. “ఏంటి బాబూ, తడబడుతోంది?”

“తడబాటు కాదమ్మా, కెపాసిటర్లు నిండాలి.”

“ఏం నిండాలో గానీ, మా తమ్ముడు స్విచ్ వేసి గుడ్లప్పగించి నిలబడాలా? వాడసలే మిషనొద్దు, రొయ్యల చెరువేసుకోమన్నవాడు. మొదటిరోజే ఆగితే ఇక జన్మంతా దెప్పుతాడు. శకునమూ బాగోదు.”

సురేంద్ర జయపాల్‌ను పక్కకు తీసుకెళ్లాడు. “ఈ ఒక్కసారికి టక్కున తిరిగేలా చేయండి మాస్టారూ. భోజనాలయ్యాక మీ ఇష్టం వచ్చినట్టు పెట్టుకోండి.”

జయపాల్ లూథరన్ చర్చి మనిషి. వాళ్ల శకునాల గురించి తను వాదిస్తే ఎలా ఉంటుందోనని వెనక్కి తగ్గాడు. రాగి తీగ ముక్క తీసి రెసిస్టర్ రెండు కొసలనూ కలిపేసి, మూత బిగించాడు.

సురేంద్ర మేనమామ స్విచ్ వేశాడు. మిషన్ గిర్రున తిరిగింది. ఎంసీబీ కూడా పడలేదు. పడి ఉంటే బాగుండేది.

భోజనాలయ్యాక జయపాల్ స్క్రూడ్రైవర్ పట్టుకుని వెళ్లేసరికి, సురేంద్ర టేకు చెక్క బిగించి పద్మం చెక్కిస్తున్నాడు.

“శుభమా అని మొదలెట్టానండీ. ఇప్పుడు ఆపమంటారేంటి? రేపొచ్చి తీసేద్దురుగాని.”

మర్నాడు మరో పని తగిలింది. తర్వాత ఫోన్ చేస్తే సురేంద్ర హుషారుగా ఉన్నాడు. “బ్రహ్మాండంగా నడుస్తోందండీ. అప్పుడప్పుడూ ఎంసీబీ పడుతోంది, ఎత్తి వేసుకుంటున్నా.”

స్విచ్ మొనలు కాలుతున్నాయని ఆ మాటకు అర్థం, అది జయపాల్‌కు తెలుసు. వచ్చేవారం వస్తానన్నాడు. ఆ పూటే బస్సెక్కవలసిందని ఇప్పుడంటాడు.

ఆ వారంలోనే అది జరిగింది. ఒక తలుపు పూర్తయి మిషన్ ఆగింది. చెక్కే ములుకు మార్చడానికి సురేంద్ర స్విచ్ కట్టేశాడు. కాలికాలి మొనలు లోపల అతుక్కుపోయాయి. పైన స్విచ్ ఆఫ్‌లోనే ఉంది, కరెంటు మాత్రం ఆగలేదు. ఎర్ర బల్బు ఇంకా వెలుగుతోంది. కట్టేశాక కూడా కాసేపు వెలగడం మామూలే కాబట్టి అతను పట్టించుకోలేదు. వంగినప్పుడు మోచెయ్యి స్పీడు నాబ్‌కు తగిలి ములుకు గిర్రున తిరిగింది. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు కొసలు పోయాయి.

జయపాల్, భార్య దీనమ్మ ఆసుపత్రికి వెళ్లారు.

“అడిగింది నేనేగా మాస్టారూ,” అన్నాడు సురేంద్ర.

“తెలిసినవాణ్ణి నేను కదండీ.”

నూకరత్నం కొడుకు కట్టు చేతి కింద దిండు సర్దింది. తర్వాత జయపాల్‌తో అంది: “మేం తెలియక అడిగాం. కుదరదని ఒక్క మాట గట్టిగా అనాల్సింది బాబూ. ఆ పూట అలిగేదాన్ని, అంతేగా.”

తిరుగు బస్సులో దీనమ్మ అడిగింది. “అదే మన ఇంటి ప్రార్థన రోజైతే తీగ వేసేవారా?”

“వేసేవాణ్ణి కాదు.”

“మరి?”

మర్నాడు పాలకొల్లుకు మొదటి బస్సు ఎన్నింటికో జయపాల్ కండక్టర్‌ను అడిగాడు.

తీగ తీసేసి, కొత్త స్విచ్ అతనే బిగించి వచ్చాడు. ఇప్పుడు సురేంద్ర ఎడమచేత్తో స్విచ్ వేస్తాడు. రిలే టిక్కుమనే దాకా ఆ షెడ్డులో ఎవరూ కదలరు. కట్టేసేటప్పుడు గోడ దగ్గర ప్లగ్గు కూడా నూకరత్నమే వచ్చి పీకుతుంది. తలుపులు ఎప్పటిలాగే అమ్ముడవుతున్నాయి. కొన్నవాళ్లు బాగున్నాయనే అంటున్నారు. ఆ చేతికి ఉలి పట్టు దొరక్క, దేవతల ముఖాల్లో మాత్రం మిషన్ వదిలిన సన్నటి గీతలు అలాగే ఉంటున్నాయి. వెళ్లినప్పుడల్లా జయపాల్ వాటిని వేలితో తడిమి చూస్తాడు. సురేంద్ర ఆ తలుపు తిప్పి గోడకు ఆనిస్తాడు.